జపాన్ బండి, జర్మనీ బండి, మా కాక చేతికర్ర

రెండు తలుపుల కార్లలో కూర్చోవడానికి దేవుడు నన్ను చేయలేదు. మొదటిసారి అలాంటి కారు ఎక్కినప్పుడు ఎక్కడం నేనొక్కడినే ఎక్కాను గానీ, దిగడానికి ఇద్దరు సాయం పట్టారు. ఒకరు నా చేతులు పట్టి లాగితే, ఇంకొకరు నాతోపాటు బండి కూడా రాకుండా పట్టుకున్నారు. అయినా సరే, గోదావరిఖని చుట్టుపక్కల ఇలాంటి కార్ల గురించి ఎవరికి అనుమానం వచ్చినా నా షెడ్డుకే వస్తారు. ఏడో తరగతి రెండుసార్లు చదివి, మూడోసారి చదవమంటే బడికే సెలవిచ్చి వచ్చేసినవాడిని. రేకు కొట్టడం, రంగు వేయడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. కాకపోతే తెలియని సంగతిని కూడా తెలిసినట్టు చెప్పగలను. నేను ఇక్కడ రాస్తున్నదంతా ఈ రెండో విద్య వల్ల జరిగిందే.

జ్యోతినగర్‌లో, కరెంటు ప్లాంటు క్వార్టర్స్‌లో ఒక ఇంజినీరు సారు ఉండేవారు. నెల్లూరు వైపు మనిషి. ఆయన సర్వీసు సగం బాయిలర్ల దగ్గర గడిస్తే, మిగతా సగం రెండు కార్ల కింద వెల్లకిలా పడుకొని గడిచింది. రెండూ రెండు తలుపులవే. రెండూ పరుగు కోసం చేసినవే. రెండూ నా పెళ్లికంటే పాతవి. ఒకటి జపాన్‌ది, ఎర్రది, మిరపకాయంత ఉంటుంది. ఇంకొకటి జర్మనీది, బూడిద రంగుది, చూడగానే లేచి నిలబడి నమస్తే పెట్టాలనిపిస్తుంది. ఇప్పుడు ఇలాంటివి ఎవరూ చేయడం లేదు కాబట్టి, వీటిని వెతుక్కుంటూ తిరిగేవాళ్లు ఉంటారు. హైదరాబాద్ నుంచి అప్పుడప్పుడు నల్లద్దాల మనుషులు వచ్చి, గ్యారేజీ ముందు నిలబడి, గడ్డాలు నిమురుకొని పోయేవారు. సారు వాళ్లకు టీ ఇచ్చేవారు. బండి మాత్రం ఇచ్చేవారు కాదు.

సారుకు పెళ్లి కాలేదు. ఎందుకు చేసుకోలేదని నేను ఒకసారి ధైర్యం చేసి అడిగితే, గ్యారేజీ వైపు వేలు చూపించారు.

ఆ రెండు బండ్లకూ రేకు పని, రంగు పని చాలా ఏళ్లుగా నాదే. మా దగ్గర పొద్దున తుడిచిన బానెట్ మీద మధ్యాహ్నానికి బొగ్గు దుమ్ము వచ్చి తీరిగ్గా కూర్చుంటుంది. తెల్ల చొక్కాతో ఎవరైనా కనిపిస్తే, ఈయన నిన్ననే దిగాడని చెప్పేయొచ్చు. అలాంటి చోట ఎర్ర కారు ఎర్రగానే ఉండాలంటే దానికి ఒక మనిషి జీతం లేకుండా పనిచేయాలి. సారు ఆ డ్యూటీ రోజూ చేసేవారు, ఆదివారం రెండు షిఫ్టులు.

ఆయన రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేయాలి. హైదరాబాద్‌లో కొనుక్కున్న ఫ్లాటుకు ఒకే ఒక్క కారు పెట్టుకునే జాగా ఇచ్చారట. రెండో కారు గేటు బయట పెడతానంటే అక్కడి కమిటీ వాళ్లు, బయట పెట్టే కారును లోపల పెట్టే మనసుతో ఎట్లా చూసుకుంటారని ఆయన్నే ఎదురు ప్రశ్న వేశారట. సారు నన్ను పిలిపించారు. గ్యారేజీ తలుపు తీసి, రెంటి మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చున్నారు.

"ఒకటే తీసుకెళ్లగలనయ్యా. ఏది?" అన్నారు.

రెండోది ఏం చేస్తారని అడిగాను. 

"అమ్మను. అమ్మితే అద్దాల గదిలో పెట్టి లైట్లు వేస్తారు. నడిపేవాడికి ఇచ్చేస్తాను. నువ్వు నడుపుతానంటే నీకే ఇస్తాను. కానీ ఏది నాతో రావాలో ముందు నువ్వు చెప్పాలి. రెండూ నా పిల్లలే, నాకు తేడా కనబడదు. నువ్వు వాటి చర్మం కింద చూసినవాడివి."

చూశారా నా అవస్థ. నాకు ఎర్రది కావాలి. మొదటిసారి దాని బంపర్ విప్పిన రోజు నుంచీ కావాలి. అది నాకు దక్కాలంటే, సారు జర్మనీదాన్ని తీసుకెళ్లాలి. సారు జర్మనీదాన్ని తీసుకెళ్లాలంటే, అదే మంచిదని నేను చెప్పాలి. ఆలోచించి చెప్తానని వచ్చేశాను గానీ, ఆలోచించడానికి ఏముంది, గేటు దాటకముందే అయిపోయింది.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. మిషన్ ఆపకుండానే ఆ కారులో ఎందరు పడతారని అడిగింది. ఇద్దరు అన్నాను. మనం నలుగురం కదా అంది. రెండు ట్రిప్పులు కొడదాం అన్నాను. అప్పుడు మిషన్ ఆపి నన్ను ఒకసారి చూసి, మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టింది.

నిజం చెప్పాలంటే ఆ రెంటికీ పోలిక పెట్టడం అంత తేలిక కాదు. నాకు పని నేర్పిన ఉస్తాద్, ఇంట్లో దక్నీ మాట్లాడే పెద్దమనిషి, రామగుండంలో సగం అంబాసిడర్లకు ప్రాణం పోసినవాడు, ఒక మాట చెప్పేవాడు. "సున్‌రే, జపానోడు మెకానిక్ జల్ది ఇంటికి పోవాలని బండి చేస్తడు. జర్మనోడు అసలు మెకానికే రావద్దని చేస్తడు. వచ్చినవా, ఇగ ఇంటికి పోవు."

అక్షరాలా అంతే. ఎర్రదానికి నాలుగైదు సైజుల పానాలు చాలు. ఏ నట్టు దగ్గరికి చెయ్యి పోవాలన్నా, మనకంటే ముందే ఎవరో చెయ్యి పెట్టి చూసి సందు ఉంచినట్టుంటుంది. బటన్ నొక్కితే బానెట్‌లోంచి రెండు లైట్లు కండ్లు తెరిచినట్టు పైకి లేస్తాయి, మళ్లీ నొక్కితే మూసుకుంటాయి. పని లేకపోయినా నేను పది సార్లు నొక్కేవాడిని. దాని ఇంజన్ చిన్నది. మెల్లగా పోతే బద్ధకంగా ఉంటుంది. కాలు గట్టిగా వేస్తే మాత్రం, పైకి పోతున్నకొద్దీ గొంతు విప్పుతుంది. షిఫ్టు మొదట్లో ఆవలించి, చివరి గంటలో అందరి పనీ తానే చేసే కుర్రాడు ఉంటాడు చూడండి, అలాంటిది.

జర్మనీది వేరు. తలుపు వేస్తే బ్యాంకు లాకర్ వేసినట్టు ఒకే ఒక్క చప్పుడు. డిక్కీ మూతకు లోపలివైపు పానాల పెట్టె, ప్రతి పానానికీ దాని ఆకారంలోనే గుంత. ఒకటి తీసి ఇంకో గుంతలో పెట్టబోతే పట్టదు. తప్పు చేయనివ్వదు. ఒక చిన్న బల్బు మార్చాలంటే, ముందు దీన్ని విప్పు, తర్వాత దాన్ని విప్పు, ఆ తర్వాత నీకు ఓపిక ఉందో లేదో చూసుకో. కానీ ఒకసారి కట్టాక మళ్లీ విప్పే పని ఉండదు. మెల్లగా పోయినా బలం ఉంటుంది. హెల్మెట్, దీపం, బూట్లు అన్నీ చూసి గానీ బొగ్గు బావిలోకి పంపని పాతకాలపు అధికారిలా, బెల్టు పెట్టుకున్నావా అన్నట్టు చూస్తుంది.

రెంటిలో ఏది గొప్పదంటే, మనసులో ఎర్రదే అనుకున్నాను. నోటితో వారం రోజులు జర్మనీదాన్ని పొగిడాను. సారు కనబడినప్పుడల్లా దాని ఉక్కు గురించి, దాని బరువు గురించి, హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద అది ఎంత హుందాగా పోతుందో దాని గురించి చెప్పాను. ఎర్రదాన్ని తిట్టలేదు. జాలి చూపించాను. పాపం చిన్నది సార్, ఆ సిటీ బస్సుల మధ్య ఎవరికీ కనబడదు అన్నాను. సారు అన్నీ విని, ఆదివారం రెండూ తీద్దాం, ఒకే రోడ్డు మీద నడిపి చూద్దాం అన్నారు.

ఆదివారం పొద్దున బయలుదేరాం. సారు ఎర్రదానిలో ముందు, నేను జర్మనీదానిలో వెనక. రామగిరి మండలంలో సెంటినరీ కాలనీ దాకా పోవాలని, అక్కడ బండ్లు మార్చుకొని రావాలని అనుకున్నాం. ఆ కాలనీలోనే మా కాక, అంటే మా నాన్న తమ్ముడు, కొడుకు క్వార్టర్‌లో ఉంటాడు. టీ ఖర్చు మిగులుతుందని నేనే ఆ రూటు చెప్పాను.

దారిలో నాకొక సంగతి తెలిసింది. మన బండ్లన్నింటికీ సిగ్నల్ వేసే కాడ స్టీరింగుకు కుడిపక్క ఉంటుంది. ఎర్రదానికీ అంతే. జర్మనీవాళ్లు మాత్రం దాన్ని ఎడమపక్క పెట్టి, కుడిపక్క అద్దం తుడిచే కాడ పెట్టారు. నేను ఈ బండికి రంగు వేశాను గానీ మలుపులు తిప్పలేదు కదా. ప్రతి మలుపు దగ్గరా చెయ్యి అలవాటుగా కుడిపక్కకు పోయింది. ప్రతి మలుపు దగ్గరా అద్దం మీది బొగ్గు దుమ్మును వైపర్లు అటూ ఇటూ గీకాయి. వెనక బొగ్గు లారీ డ్రైవరు నేను ఎటు తిరుగుతానో తెలియక హారన్ మీద హారన్ కొట్టాడు. చిన్న మబ్బు కూడా లేదు. కాలనీలో ఆగాక సారు నా దగ్గరికి వచ్చి, వాన ఎక్కడ పడిందయ్యా అని అడిగారు. జర్మనీల పడ్డది సార్ అన్నాను.

మా కాక గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన భూగర్భ గనిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. షిఫ్టు మొదలయ్యే ముందు లోపలికి పోయి, కర్రతో పైకప్పును కొట్టి, ఇంకో చెయ్యి కప్పు మీద ఆనించి, చప్పుడు వినేవాడు సర్దార్. ఖంగుమని మోగితే కప్పు గట్టిది, మనుషులు పోవచ్చు. మొద్దుగా పలికితే పైన ఒక పొర విడిపోయి ఉంది, ఎవరూ పోవద్దు. ఏళ్ల తరబడి ఇదే పని. బయటికి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఎవరి ఇంటికి పోయినా, కూర్చోబోయే ముందు చేతికర్రతో గోడను ఒకసారి పలకరిస్తాడు. మా తమ్ముడి గృహప్రవేశంలో స్లాబు కొట్టి చూసి, పంతులు మంత్రం మధ్యలో ఉండగానే మేస్త్రీని పిలిచాడు. పుచ్చకాయలు అమ్మేవాళ్లు ఆయన్ని చూస్తే బండి పక్కకు తోసుకుంటారు.

ఆ రోజు ఆయన టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి రెండు కార్లనూ పైనుంచి కింది దాకా చూశాడు.

"ఏం రా, రెండు బండ్లు, బండికి రెండే తలుపులు. మిగిలిన తలుపులు ఎవలు వట్కపోయిన్రు?" అన్నాడు.

సారు నవ్వి, అవి అలాగే చేస్తారని చెప్పి, తాను ఒకటి తీసుకొని ఒకటి వదిలేయాల్సిన సంగతి, మీవాడు జర్మనీది తీసుకెళ్లమంటున్న సంగతి చెప్పారు. కాక తల ఊపాడు. టీ గ్లాసు అరుగు మీద పెట్టి, కర్రను తిప్పి పట్టుకొని, పిడి వైపుతో జర్మనీదాని బానెట్ మీద మెత్తగా ఒకటి తట్టాడు. నా ప్రాణం పోయింది. కాక, రంగు, రంగు అన్నాను. సారు నన్ను ఆపారు. కొట్టనివ్వు, మా బాయిలర్ ఫిట్టర్లు కూడా గొట్టాలు కొట్టే చెప్పేవాళ్లు అన్నారు.

కాక ఎడమ అరచెయ్యి రేకు మీద ఆనించి, కళ్లు మూసుకొని, ఒక్కొక్క జానెడు జరుగుతూ తట్టుకుంటూ పోయాడు. బానెట్ మోగింది. తలుపు మోగింది. వెనక చక్రం పైన వొంపు దగ్గరికి వచ్చాడు. అక్కడ మోగలేదు. ఇంకోసారి తట్టాడు. దిండును కొట్టినట్టు పలికింది.

"ఈడ కప్పు మంచిగ లేదు సార్," అన్నాడు కాక. "మీద ఒకటున్నది, లోపట ఇంకోటున్నది."

ఏముందో నాకు తెలుసు. పుట్టీ ఉంది. నేను పెట్టిందే. సొంతంగా షెడ్డు పెట్టుకున్న మొదటి ఏడాది, సారు రివర్స్‌లో పోయి స్తంభానికి తగిలించుకొచ్చారు. రెండు రోజుల్లో ఇవ్వాలి. ఆ వొంపులో పడ్డ సొట్టను, బయట డాలీ అనే ఇనుప దిమ్మె ఆనించి, లోపలినుంచి సుత్తితో కొట్టి తీయాలంటే వారం పడుతుంది. పుట్టీ గోరుమందం దాటితే అది రేకు పని కాదు, గోడ పని అని ఉస్తాద్ తిట్టేవాడు. నేను రెండు వేళ్ల మందం పెట్టి, గీకి, నునుపు చేసి, పైన రంగు కొట్టి ఇచ్చేశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ మెప్పులో పడి నేనే మరిచిపోయాను.

సారు నా వైపు చూశారు. నా రెండో విద్య అడక్కుండానే బయటికి వచ్చింది.

"జర్మనీల ఈ జాగల రెండు రేకులేస్తరు సార్," అన్నాను. "మజ్బూత్ ఉండాలని."

సారు నమ్మేశారు. నమ్మినట్టు తల కూడా ఊపారు. కాక మాత్రం కర్ర ఆనించుకుంటూ, మెల్లగా బండి వెనకనుంచి తిరిగి, అవతలి పక్క సరిగ్గా అదే వొంపు దగ్గరికి పోయి తట్టాడు. గుడి గంటలా మోగింది.

"మరి గీ పక్కకు ఒక్కటే ఏసిన్రు," అన్నాడు. "గిది చేసేటాల్లకు వాళ్ల షిఫ్టు అయిపోయిందారా?"

సారు పెద్దగా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు అయిపోయాక సారు ఇంకా నా వైపే చూస్తున్నారు. కాక అరుగు మీద కూర్చొని, చల్లారిన టీ చేతిలోకి తీసుకొని, నన్ను చూడకుండా రోడ్డు వైపు చూస్తూ మాట్లాడాడు. బొగ్గు జల్ది రావాలని ఆఫీసర్లు తొందర పెట్టిన రోజులు ఎన్నో ఉన్నాయని, మోగకపోయినా మోగిందని ఒక్క మాట చెప్తే అందరూ సంతోషపడేవాళ్లని అన్నాడు.

"గింత తేడా వచ్చినా నేను మనిషిని లోపటికి పంపలేదురా ఎన్నడు," అన్నాడు. "ఏం వినవడ్డదో గదే చెప్పిన."

నేను జీవితంలో చాలామందిని మాటలతో గెలిచాను. ఇన్సూరెన్స్ వాళ్లను, ట్రాఫిక్ పోలీసులను, మా అత్తగారిని కూడా. ఆ అరుగు ముందు మాత్రం నాలుక నా మాట వినలేదు. వినకపోవడమే మంచిదైంది.

"అది నా పుట్టీ సార్," అన్నాను. "మీరు స్తంభానికి కొట్టినప్పటిది. రేకు తియ్యలె. నింపిన."

సారు ఆ వొంపు మీద చెయ్యి పెట్టి అటూ ఇటూ రాశారు. ఇన్నేళ్లు దీన్నే తుడిచానయ్యా అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేదనిపించింది. కోపమైతే నాకు అలవాటే, ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాడిని.

తర్వాత ఆయన ఇంజినీరు బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. లోపం ఉందని తెలిసీ దీన్నే తీసుకెళ్లమని వారం రోజులుగా ఎందుకు చెప్తున్నావని అడిగారు. మరిచిపోయిన మాట నిజమే గనక అదే చెప్పి తప్పించుకోవచ్చు. కానీ కాక అక్కడే ఉన్నాడు, కర్ర ఆయన మోకాళ్ల మధ్య ఉంది. దానితో నన్నెక్కడ తట్టి చూస్తాడోనని, మిగతాది కూడా చెప్పేశాను. నాకు ఎర్రది కావాలి సార్, మీరు దీన్ని తీసుకెళ్తే అది నాకు మిగులుతదని చెప్పిన అన్నాను.

సారు ఎర్రదాని దగ్గరికి పోయారు. కాకను పిలిచి దాన్ని కూడా కొట్టి చూడమన్నారు. కాక ముందునుంచి వెనక దాకా ఒక చుట్టు తిరిగాడు. రేకు పలచన గదా, సన్నగా, ఒక్కటే తీరుగా మోగింది అంతటా. కాక తల ఊపాడు. బావిలో అయితే ఆ తల ఊపు చూసి మనుషులు లోపలికి పోయేవాళ్లు.

"నేను అడిగిన ప్రశ్నకు ఇప్పుడు సరైన జవాబు వచ్చిందయ్యా," అన్నారు సారు. "రెంటి లోపలా చూసినవాడు, తన కోసం దాచుకోవాలనుకున్నది ఎర్రదాన్ని. ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి? అదే తీసుకెళ్తాను."

 కాక ఇంట్లోకి ఒకటి కేకేసి, నా కోసం ఇంకో గ్లాసు టీ పెట్టమన్నాడు.

తిరుగు ప్రయాణంలో బండ్లు మార్చుకున్నాం. ఎర్రదాన్ని నేను నడిపాను. అదే మొదలు, అదే ఆఖరు అని తెలిసి, లారీలు లేని చోట కాలు గట్టిగా వేశాను. ఇంజన్ గొంతు విప్పింది. సిగ్నల్ కాడ కుడిపక్కనే ఉంది, ఒక్క మలుపులో కూడా తప్పు పోలేదు. జ్యోతినగర్ గేటు దగ్గర దిగి, తాళం చెవి సారు చేతిలో పెట్టేటప్పుడు, పట్టపగలే రెండు లైట్లు ఒకసారి తెరిచి మూశాను. సారు చూసీ చూడనట్టు ఉన్నారు.

జర్మనీదాన్ని నాకే ఇస్తానన్నారు. నడిపేవాడికి ఇస్తానన్న మాట మాటే, కాకపోతే ముందు నువ్వు పెట్టింది నువ్వు తియ్యి, మీ కాక సరేనన్నాక కాగితాలు రాసిస్తాను అన్నారు. 

ఆ పని నేను అనుకున్నట్టు వారంలో కాలేదు, ఇరవై రోజులు పట్టింది. పుట్టీ పెచ్చులుగా ఊడొచ్చింది. కింద సొట్ట అప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది, పైగా తుప్పు. తుప్పు పట్టిన ముక్క కోసేసి, కొత్త రేకు వొంచి, గ్యాస్‌తో అతికించి, సుత్తితో తడుతూ పోయాను. ఆ వొంపు గీసినవాడు ఎవడో గానీ మహా మొండివాడు. బయటినుంచి చూస్తే ఒక్క గీత, లోపలినుంచి కొడుతుంటే నాలుగు దిక్కులకు తిరుగుతుంది. ఒక దిక్కు సరిచేస్తే ఇంకో దిక్కు లేస్తుంది. మొదటి వారం ఆ దేశాన్ని మొత్తం తిట్టాను. రెండో వారం మధ్యలో, ఒక రోజు పొద్దున, అరచెయ్యి ఆనించి పోనిస్తే ఎక్కడా ఆగకుండా జారిపోయింది. అప్పుడు తిట్టడం మానేసి, బయట స్టూలు వేసుకొని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. జపాన్‌వాడు నాకు పని తేలిక చేశాడు, అందుకే వాడంటే ఇష్టం. ఈయన నాచేత పని చేయించాడు. రెండూ రెండు రకాల మర్యాద అని అప్పుడు తెలిసింది.

కాకను బస్సెక్కించి తీసుకొచ్చాను. రెండు పక్కలా తట్టాడు. నేను ఆయన మొహమే చూశాను. "ఊఁ, పోవచ్చు," అన్నాడు. సారు అక్కడే బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశారు. రెండు రోజుల తర్వాత ఎర్రది ఆయన్ని ఎక్కించుకొని హైదరాబాద్ రోడ్డు పట్టింది. డిక్కీ నిండా బట్టలు, పక్క సీటులో ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీని వదిలేసి పోవచ్చు కదా సార్ అన్నాను. అక్కడ పార్కింగులో కూర్చోవడానికి కావాలయ్యా అన్నారు.

ఆ ఆదివారం నా భార్యను జర్మనీదానిలో ఎక్కించుకొని మంచిర్యాల బయలుదేరాను, లైనింగ్ బట్ట, దారాలు కొనాలంది. పిల్లలు ఇంటి దగ్గర అలిగి కూర్చున్నారు. గోదావరి వంతెన మీద గాలి బాగా వస్తోంది. ఆమె తలుపు ఒకసారి తీసి వేసి, ఆ చప్పుడు విని, మంచిగున్నది అంది. అంత మాట వచ్చేసరికి నాకు హుషారు వచ్చింది. నీతి చెప్పడం మొదలుపెట్టాను. చూసినవా, అబద్ధమాడి ఉంటే ఎర్రది వచ్చేది, అయినా కాక ముందట నిజం చెప్పిన, నిజం చెప్పినందుకే ఇంత పెద్ద బండి వచ్చింది, మనిషన్నాక నిజమే మాట్లాడాలె అన్నాను. ఇంకా చాలా చెప్పేవాడినే. ఆమె కిటికీలోంచి నది వైపు చూస్తూనే అంది:

"అబద్ధమాడితే ఒక కారు వస్తుండె, నిజం చెప్తే ఒక కారు వచ్చింది. ఒక్కపారి నోరు మూసుకొని గూడ సూడరాదు, ఏమొస్తదో?"